యెష్షయి వృక్షం గాజు కిటికీ: నాలుగు పలకల పని డైరీ

పని స్వరూపం

సన్నటి కిటికీ. లోపలి వెడల్పు 40 సెం.మీ., ఎత్తు 161 సెం.మీ. అందులో ఒకదానిమీద ఒకటిగా నాలుగు స్టెయిన్డ్ గ్లాస్ పలకలు వస్తాయి. అడుగున నిద్రపోతున్న యెష్షయి, ఆపైన దావీదు, ఆపైన మరియ, కొసన క్రీస్తు, ఆయన చుట్టూ ఏడు పావురాలు. పలకల మధ్య మూడు టీ-బార్లు, అంటే T ఆకారపు లోహపు అడ్డకడ్డీలు.

యెష్షయి దావీదు తండ్రి. అతనినుంచి క్రీస్తు దాకా వంశాన్ని చెట్టుగా చూపే ఈ బొమ్మ యెషయా 11:1లోని మొద్దు, చిగురు, వేరు, ఫలం అన్న మాటలనుంచి పుట్టింది. 1086 నాటి విషెహ్రద్ సువార్త ప్రతి దీనికి దొరికిన తొలి ఉదాహరణల్లో ఒకటి. కిటికీల్లో చూస్తే, పారిస్ పక్కన సెయింట్ డెనిస్ మఠంలో సుజే మఠాధిపతి చేయించినది ముందు. కానీ 19వ శతాబ్దపు మరమ్మతుల్లో అది బాగా మారిపోయింది. అందుకే మేం నమూనాగా తీసుకున్నది ఫ్రాన్స్‌లోని షార్త్ర్ కెథడ్రల్ పడమటి గోడలో 1145-50 ప్రాంతంలో పెట్టిన కిటికీ. 1194లో మంటలు ఆ కెథడ్రల్‌ని చాలావరకు మింగేసినా పడమటి ముఖం, దాని మూడు కిటికీలు నిలిచాయి.

షార్త్ర్‌లో నడుమ వరస ఇలా ఉంటుంది: యెష్షయి, నలుగురు రాజులు, మరియ, క్రీస్తు. రెండు పక్కలా అర్ధచంద్రాకారపు గళ్లలో ప్రవక్తలు. మేం ముగ్గురు రాజుల్ని, ప్రవక్తలందరినీ వదిలేశాం. 40 సెం.మీ. వెడల్పులో పక్క గళ్లకి 7, 8 సెం.మీ. మించి దక్కవు. అందులో ప్రవక్త ముఖం ఒకటిన్నర సెం.మీ. ఉంటుంది, దాని చుట్టూ 5 మి.మీ. సీసం తిరుగుతుంది. దూరంనుంచి చూస్తే మిగిలేది నల్ల మచ్చే. చిన్న కొలతలో అన్నీ ఇరికించాలని చూసే వాళ్లు మొదట దెబ్బతినేది ఇక్కడే.

షార్త్ర్ రాజుల పేర్లు ఎక్కడా రాసి లేవు. ఒక్క రాజే ఉన్నప్పుడు అతను దావీదేనని తెలియాలి కాబట్టి చేతికి వీణలాంటి చిన్న హార్ప్ ఇచ్చాం. తరవాతి శతాబ్దాల కిటికీల్లో దావీదుని గుర్తుపట్టేది దానితోనే. ఇంకో రాజుని చేర్చాలనుకునేవాళ్లు సొలొమోనునే చేర్చాలి. మత్తయి 1వ అధ్యాయంలో వంశం దావీదునుంచి సొలొమోను మీదుగా రాజుల వెంట నడుస్తుంది. లూకా 3లో నాతాను మీదుగా వెళ్తుంది, ఆ దారిలో కిరీటాలు లేవు. కిరీటాలు పెట్టి లూకా జాబితా పేర్లు రాస్తే బొమ్మా రాతా పొసగవు.

కార్టూన్ (అసలు కొలతలో వేసే గీత): చెట్టు తెగకూడదు

ఈ పనిలో అసలు చిక్కు మనుషుల బొమ్మల్లో లేదు, చెట్టులో ఉంది. షార్త్ర్ చిత్రకారుడు రాజుల వెనకాల మాను గీయలేదు. రాజులే మాను. ఒక్కో రాజు నిటారుగా కూర్చుని రెండు చేతులతో రెండు పక్కల కొమ్మల్ని పట్టుకుంటాడు. అతని తల దగ్గర మాను మళ్లీ బయటపడి పై రాజు పాదాల కిందికి చేరుతుంది. కంటికి కనిపించే మాను ముక్క పలకకి ఒక జానెడు కూడా ఉండదు. ఆ కొంచెమే నాలుగు పలకల్నీ కలపాలి.

దీనికి అడ్డొచ్చేది టీ-బారు. లెక్క ఇది: పలక చుట్టూ 10 మి.మీ. సీసపు పట్టీ, పలకకీ బారు నడిమి రేకుకీ మధ్య 2 మి.మీ. సందు, రేకు మందం 3 మి.మీ., మళ్లీ 2, మళ్లీ 10. మొత్తం 27 మి.మీ. నల్ల పట్టీ. కొమ్మ దాన్ని ఏటవాలుగా దాటితే, స్కేలు పెట్టి సరిగ్గా గీసినా సరే, పైముక్క పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. కళ్లు చేసే మాయ ఇది. దృష్టిశాస్త్రంలో దీన్ని పోగెండార్ఫ్ భ్రమ అంటారు. కోణం ఎంత వాలితే జరుగుడు అంత ఎక్కువ. కాబట్టి బారు దగ్గర మాను నిటారుగానే దాటాలి, 80 డిగ్రీలకి తగ్గకూడదు. వంపులన్నీ బారుకి కనీసం 4 సెం.మీ. దూరంలో ముగించాలి. బారుకి కిందా పైనా మాను వెడల్పు ఒకటే ఉండాలి. మాది 18 మి.మీ. పైకి పోయేకొద్దీ సన్నబడాలి అనుకుంటే ఆ తగ్గుదల పలక మధ్యలో జరగాలి, బారు దగ్గర కాదు.

యెష్షయి పలకలో ఇంకో నిర్ణయం: మాను ఎక్కడినుంచి లేవాలి? పాత బొమ్మల్లో నడుంనుంచి, బొడ్డునుంచి, పక్కనుంచి, రకరకాలుగా లేస్తుంది. మేం నడుం పక్కనుంచి లేపాం. పడుకున్న శరీరం 30 సెం.మీ. పొడవు, తల ఎడమవైపు, చెయ్యి చెంప కింద. మాను పలక నడిమిగీతకి సరిగ్గా చేరాలంటే నడుం కూడా నడిమిగీత మీదే పడాలి. అందుకే ముందు మాను గీసి తరవాత మనిషిని పడుకోబెట్టాం. తిరగేసి చేస్తే మాను పక్కకి వంగి దావీదు పాదాల దగ్గర మెలిక పడుతుంది.

కార్టూన్ మీద ప్రతి పలకకీ మూడు చట్రాలు గీయాలి. పూర్తి కొలత 396 మి.మీ. (400 గడిలో రెండు వైపులా 2 మి.మీ. వదిలి). కనిపించే కొలత 376. గాజు కోసే కొలత 384. ఈ మూడింటిలో ఏది ఏదో రంగు మార్చి గీయకపోతే అంచు గాజులు చిన్నవో పెద్దవో అవుతాయి. లోపలి ప్రతి గీతా 1.75 మి.మీ. మందంలో ఉండాలి, రెండు గాజుల అంచుల్ని పట్టే H ఆకారపు సీసపు పట్టీ నడిమి గోడ మందం అంతే. మందపు మార్కరుతో కుదరదు. ఒక వరసలో 12 ముక్కలుంటే, ఒక్కోటి అర మి.మీ. ఎక్కువైనా పలక 6 మి.మీ. పెరిగి గడిలో పట్టదు.

12వ శతాబ్దపు పనివాళ్లకి ఇంత పెద్ద కాగితం లేదు. సుద్ద పూసిన చెక్కబల్ల మీద గీసి, దాని మీదే కోసి, దాని మీదే అమర్చేవాళ్లు. ఆ కాలపు సన్యాసి థియోఫిలస్ తన చేతిపనుల గ్రంథంలో ఈ పద్ధతి రాశాడు. స్పెయిన్‌లోని జిరోనాలో 14వ శతాబ్దపు అలాంటి బల్ల ఇప్పటికీ ఉంది.

ఏడు పావురాలు

అన్నిటికంటే ఎక్కువ లెక్క పట్టిన భాగం. క్రీస్తు చుట్టూ అర్ధవృత్తంలో ఏడు గుండ్రాలు. వృత్తకేంద్రం పలక మధ్యలో, వ్యాసార్ధం 14.5 సెం.మీ. అర్ధవృత్తం పొడవు 45.5 సెం.మీ. ఏడు గుండ్రాల మధ్య సందులు ఆరే, కాబట్టి కేంద్రంనుంచి కేంద్రానికి 7.6. గుండ్రం వ్యాసం 4.8 పెడితే రెండింటి మధ్య 2.8 సెం.మీ. మిగులుతుంది, కొమ్మ దూరడానికి చాలు. బయటి అంచు 16.9 దగ్గర ఆగుతుంది, ఎర్ర బోర్డరుకి చోటు ఉంటుంది. 5.5 సెం.మీ. గుండ్రాలు వేస్తే పావురం అందంగా వస్తుంది గానీ కొమ్మ చోటు పోతుంది, గుండ్రాలు గాలిలో తేలుతున్నట్టుంటాయి. చెట్టు మళ్లీ తెగినట్టే.

ఏడు పావురాలు పరిశుద్ధాత్మ ఏడు వరాలకి గుర్తు. యెషయా 11:2 చదివి ఆ వరాలు లెక్కపెట్టిన వాళ్లు ఆరే వస్తున్నాయంటారు. హీబ్రూ పాఠంలో ఆరే. గ్రీకు, లాటిన్ పాఠాల్లో భక్తి విడిగా చేరి ఏడయ్యాయి. మధ్యయుగపు చిత్రకారులు చదివింది లాటిన్.

గాజు ఎంపిక

నాలుగు పలకలకి కావలసింది 0.64 చ.మీ. కొన్నది సుమారు 0.95. వంపులు ఎక్కువున్న పనిలో మూడో వంతు తరుగు మామూలే. నోటితో ఊది చేసిన 3 మి.మీ. యాంటిక్ గాజు వాడాం. మామూలు షీట్ గాజుకి మందం అంతా ఒకటే, వెలుగు చదునుగా పడుతుంది.

ఇందులో సగం నీలం. నీలం విషయంలో తొందర పనికిరాదు. వెనకనుంచి వెలుగు పడినప్పుడు నీలం తన గీత దాటి పక్కవాటి మీదికి పరుచుకుంటుంది. ఎరుపు తన గడిలోనే ఉంటుంది. 19వ శతాబ్దంలో ఫ్రెంచి వాస్తుశిల్పి వియొలె-ల్య-డ్యూక్ దీని మీద వివరంగా రాశాడు. ముదురు కోబాల్ట్ నీలం నేపథ్యంలో 18 మి.మీ. మాను పెడితే అది 14 మి.మీ. మానులా కనిపిస్తుంది. విరుగుడు రెండు: నీలాన్ని ఒకటి కాకుండా దగ్గరదగ్గరగా ఉన్న మూడు ఛాయల్లో కలిపి వేయడం, వాటి అంచుల వెంబడి పల్చటి మ్యాట్ రంగు (వెలుగుని మసకబరిచే పూత) పూయడం. మానుకి లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు తీసుకున్నాం. స్వచ్ఛమైన తెలుపు అయితే అదీ పరుచుకుని ముఖాలని తినేస్తుంది.

ఎరుపు ఫ్లాష్డ్ గాజు, అంటే తెల్ల గాజు మీద సన్నటి ఎర్ర పొర. ముక్క అంచుని కంటికి ఎదురుగా పెట్టి చూస్తే పొర ఏ వైపుందో తెలుస్తుంది. కోత పొర లేని వైపే పెట్టాలి. పొర మీద కట్టర్ నడిపితే గీత గెంతుతుంది.

పసుపు కూడా రంగు గాజే. 14వ శతాబ్దం మొదట్లో వచ్చిన సిల్వర్ స్టెయిన్‌తో (కాలిస్తే గాజుని పసుపు చేసే వెండి పూత) కిరీటం, జుట్టు, ముఖం ఒకే ముక్కలో వేయొచ్చు. షార్త్ర్ పద్ధతిలో అది లేదు కాబట్టి కిరీటానికి విడి పసుపు ముక్క, దాని కింద సీసం. పని పెరుగుతుంది గానీ ఆ నల్లగీతే రాజు ముఖానికి బరువు తెస్తుంది.

రంగుల్ని బల్ల మీద పెట్టి ఎంచితే మోసపోతాం. కోసిన ముక్కల్ని స్పష్టమైన గాజు పలక మీద తేనెమైనం, రోజిన్ కలిపిన చుక్కలతో అతికించి, పలక వెనక సీసం గీతలని నల్లరంగుతో గీసి, కిటికీకి నిలబెట్టి చూడాలి. నల్లగీతలు లేకుండా చూస్తే ప్రతి రంగూ ఉన్నదానికన్నా లేతగా ఉంటుంది, ఆ చూపుతో ముదురు గాజు కొనేస్తారు.

కోత

యెష్షయికి 48 ముక్కలు, దావీదుకి 62, మరియకి 58, క్రీస్తుకి 84. కొమ్మలే పగులుతాయి. 12 మి.మీ. వెడల్పు వంపు ముక్క 9 సెం.మీ. మించితే, లోపలి వంపు విరిచేటప్పుడు నడిమికి తెగుతుంది. అందుకని ఆకు వచ్చిన చోటల్లా కొమ్మని రెండు ముక్కలుగా చేసి, ఆ అతుకుని ఆకు తొడిమలా కనిపించేట్టు పెట్టాం. లోపలి వంపుని ఒకే దెబ్బలో తీయకూడదు. ముందు లోతు తక్కువ వంపు, తరవాత ఇంకొంచెం లోతు, ఇలా మూడు నాలుగు పొరలుగా విరిచి, చివరి మి.మీ. గ్రోజింగ్ పటకారుతో కొరకాలి. గుండ్రాలకి 6 సెం.మీ. చదరపు ముక్కలు తీసుకుని, గుండ్రం గీసి, అంచునుంచి స్పర్శరేఖల్లా ఆరు విడుపు గీతలు గీసి విరవాలి.

చేతుల దగ్గర ఒక తీర్పు చెప్పాల్సి వచ్చింది. దావీదు గుప్పిట 2 సెం.మీ. గుప్పిట, గుప్పిటలో కొమ్మ, పైన కొమ్మ, కింద కొమ్మ అన్నీ విడివిడి గాజులైతే అక్కడ సీసం ముద్ద కడుతుంది. గుప్పిట లేత గులాబీ గాజులో ఒక్క ముక్క, దాని మీద కొమ్మ రంగుతో గీసినదే. కొమ్మ గాజు గుప్పిటకి పైనా కిందా ఆగుతుంది.

రంగు, కాల్పు

గాజు రంగు అంటే ఇనుప ఆక్సైడు, త్వరగా కరిగే మెత్తటి గాజు పొడి. నీళ్లు, తుమ్మబంక కలిపి గాజు పలక మీద కత్తితో బాగా నూరాలి. బంక ఎంత అనేది అనుభవంతో కాక పరీక్షతో తేల్చుకోవచ్చు: ఆరిన గీతని వేలితో మెల్లగా రుద్దితే కొంచెం పొడి రాలాలి. అసలు రాలకపోతే బంక ఎక్కువ. అలాంటి గీత కొలిమిలో బుడగలెత్తి చిట్లుతుంది. సులువుగా తుడుచుకుపోతే బంక తక్కువ, మ్యాట్ పూసేటప్పుడు గీత కొట్టుకుపోతుంది.

ముఖానికి మూడు అంచెలు. ముందు ముదురు గీతలు: కనుబొమ్మ, ముక్కు, కింది పెదవి కింద ఒక్క గీత. కాల్చాలి. తరవాత పల్చటి మ్యాట్ మొత్తం పూసి, బ్యాడ్జర్ కుంచెతో తడి మీదే అన్ని దిక్కులా తడిమి సమం చేయాలి. ఆరాక గట్టి కుంచెతో, వెదురు పుల్లతో నుదురు, ముక్కు వెన్ను, చెంప దగ్గర తవ్వి వెలుగు తీయాలి. మూడో అంచె ముఖం అంచున, గడ్డం కింద నీడ. 4.5 సెం.మీ. ముఖంలో కంటి గీతలు చేతిలో పట్టుకుని చూసినప్పుడు మోటుగా ఉండాలి. దగ్గరగా నాజూకుగా ఉన్న కన్ను 3 మీటర్లనుంచి మాయమవుతుంది.

కాల్పు క్రమం 3 మి.మీ. గాజుకి: గంటకి 150 డిగ్రీల చొప్పున 540 వరకు, అక్కడినుంచి 660కి, 10 నిమిషాలు నిలిపి, 520కి దించి అర గంట నిలిపి, మెల్లగా 370కి, తరవాత కొలిమి ఆపి మూత ముట్టకూడదు. గోరువెచ్చగా అయ్యేదాకా ఓపిక పట్టాలి. 640 దగ్గర ఆపితే రంగు ఎండినట్టు మసకగా ఉండి గోటితో గీస్తే పోతుంది. 690 దాటితే రంగు పలచబడి, గాజు అంచులు గుండ్రబడి, సీసంలో వదులవుతాయి. కొన్ని ఎరుపులు, పసుపులు కాల్పులో ఛాయ మారతాయి. ప్రతి షీటునుంచీ తునక ఒకటి ముందే కాల్చి చూడాలి. కొలిమి అరలో ముక్కల మధ్య, కొలిమి గోడకీ ముక్కకీ మధ్య వేలెడు దూరం ఉండాలి.

రంగు పొడిలో సీసం ఉండొచ్చు. పొడిగా తవ్వేటప్పుడు మాస్కు, తడిగుడ్డతో తుడవడం, చీపురు వాడకపోవడం. తిండీ టీలూ ఆ గదిలోకి రాకూడదు.

సీసం అల్లిక

పట్టీలు రెండు రకాలు: మానుకీ బొమ్మల చుట్టూ 6 మి.మీ., గుండ్రాలకీ ఆకులకీ 4 మి.మీ. అంచుకి 10. పలకకి లోపలి పట్టీ సుమారు 7 మీటర్లు, తరుగుతో 8. పట్టీని ఒక కొస బిగించి ఇంకో కొస పట్టుకుని లాగి సాగదీశాకే వాడాలి. సాగదీయని సీసం తరవాత కిటికీలో సాగుతుంది.

ఎడమ కింది మూలలో రెండు చెక్కపట్టీల్ని లంబంగా కొట్టి అక్కడినుంచి మొదలు. మాను వెంబడి పోయే రెండు సీసపు పట్టీలు పలక అడుగునుంచి బొమ్మ దాకా ఒకే ముక్కగా ఉండాలి, నేపథ్యపు పట్టీలు వచ్చి వాటికి ఆనాలి. మాను సీసాన్ని మధ్యలో తెంపి నేపథ్యపు సీసాన్ని దూర్చితే టాంకా (టంకం) ముద్ద మాను మీద ముడిలా నిలుస్తుంది. ఆనే సీసం కొసని గాజు అంచుకి 2 మి.మీ. ముందే కత్తిరించాలి, 6 మి.మీ. పట్టీ రెక్క గాజు మీదికి వచ్చేది అంతే.

అడ్డంగా తిన్నగా ఒక అంచునుంచి ఇంకో అంచుదాకా పోయే సీసపు గీత ఉంటే పలక అక్కడ తలుపు మడతబందులా మడుచుకుంటుంది. నీలం నేపథ్యపు గీతలన్నీ మెట్లుమెట్లుగా తప్పించి పెట్టింది అందుకే.

టాంకా 60/40 తగరం-సీసం కడ్డీ, 190 లోపే కరుగుతుంది. పట్టీ 327 దగ్గర కరుగుతుంది. ఐరన్ మొన 350 పైన ఉంటుంది కాబట్టి ఒక అతుకు మీద రెండు సెకన్లు మించి ఆపితే పట్టీకే రంధ్రం పడుతుంది. 4 మి.మీ. పట్టీ ఇంకా త్వరగా కరిగిపోతుంది, పావురాల గుండ్రాల దగ్గర ఐరన్ వేడి తగ్గించాం. అతుకుల్ని ఇత్తడి బ్రష్‌తో మెరిసేదాకా గోకి, టాంకా పట్టేలా చేసే ఫ్లక్స్ రాసి, అప్పుడే టాంకా. నల్లబడ్డ సీసం మీద టాంకా బంతిలా దొర్లిపోతుంది. ఒక వైపు అయ్యాక పలకని తిప్పేటప్పుడు బల్ల అంచు మీద ఆనించి నిలువుగా లేపాలి. చదునుగా ఎత్తితే బరువుకి నడుమ వంగి మాను గాజులు చిట్లుతాయి.

సిమెంటు

గాజుకీ సీసానికీ మధ్య సందు నింపేది ఇల్లు కట్టే సిమెంటు కాదు. సుద్ద పొడి, ఉడికించిన అవిసె నూనె, కొంచెం టర్పెంటైన్, నల్లరంగుకి దీపపు మసి. ఇడ్లీ పిండికంటే ఒక పాలు చిక్కగా రావాలి. పల్చబడితే ఆరేటప్పుడు కుంచించుకుని సందులు తెరుచుకుంటాయి. గట్టి బ్రష్‌తో రెక్కల కిందికి అన్ని దిక్కులా కూరి, పైన పొడి సుద్ద చల్లి, మెత్తటి బ్రష్‌తో రుద్దితే అదనపు నూనె పీల్చుకుని గాజు శుభ్రపడుతుంది, సీసం నల్లబడుతుంది. రెండు వైపులా. పలక కనీసం ఒక రోజు చదునుగా పడుకోవాలి. మర్నాడు వెదురు పుల్లతో అంచుల వెంబడి ఉబికిన సిమెంటు గీకేయాలి. కాల్పు తక్కువైన రంగు ఏదైనా మిగిలి ఉంటే ఈ రుద్దుడులోనే బయటపడుతుంది.

బిగింపు, ఇప్పటిదాకా

యెష్షయి, దావీదు పలకలు గడుల్లో కూర్చున్నాయి. మరియ పలక సిమెంటు ఆరుతోంది. క్రీస్తు పలకకి రెండో వైపు టాంకా మిగిలింది.

తెలుగు నేల మీద స్టెయిన్డ్ గ్లాస్‌లో వెలుగు నడక చూడాలంటే మెదక్ చర్చి ఉంది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించినది. కిటికీలు ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. యెష్షయి వృక్షం కాదు గానీ పోల్చి చూడడానికి పనికొస్తాయి. అక్కడిది నూనెరంగుల చిత్రకారుడి చెయ్యి, రంగు పని ఎక్కువ, సీసం వెనక్కి తగ్గుతుంది. మా నమూనాలో బరువంతా సీసం గీతదే. మన ఎండకి ఒక మాట: దక్షిణం వైపు కిటికీ అయితే మ్యాట్ ఇంకో వంతు ముదురుగా వేయాలి. ఉత్తర ఫ్రాన్స్ మబ్బు వెలుగుకి సరిపోయిన ముఖం ఇక్కడి మిట్టమధ్యాహ్నం తెల్లబోతుంది.

రెండు పలకలు నిలబెట్టి చూస్తే బారు దగ్గర మాను సరిగ్గానే దాటుతోంది. కానీ బారుకి కిందా పైనా నీలం ముక్కలు ఒకే ఛాయలో పడడంతో అక్కడ అడ్డపట్టీలా ఒక గీత తేలుతోంది. పై రెండు పలకల మధ్య, బారుకి ఒక వైపు ముదురు నీలం, ఇంకో వైపు లేతది వచ్చేలా మార్చాం.

బయట రక్షణకి స్పష్టమైన గాజు వేస్తాం, రెండింటి మధ్య 20 మి.మీ. సందు, కిందా పైనా గాలి పోయే రంధ్రాలు లోపలి వైపుకి. సందు మూసేస్తే లోపల తేమ పట్టి చెమ్మ రంగు మీద నిలుస్తుంది. ప్రతి పలకకీ నడిమిన 8 మి.మీ. ఇత్తడి కడ్డీ అడ్డంగా వస్తుంది, సీసపు అతుకులకి టాంకా వేసిన రాగి తీగలతో దాన్ని కట్టాలి. కడ్డీ మాను మీదుగా పోయే చోట తీగ ముడి మాను మీద పడకుండా, రెండు పక్కల నేపథ్యపు అతుకుల దగ్గరే కట్టాలి. దావీదు పలకలో కడ్డీ హార్ప్ తీగల మీదుగా పోతోంది, దాన్ని 3 సెం.మీ. కిందికి, మోకాళ్ల గీత మీదికి దించుతున్నాం.